లెక్క మారితే పుస్తకం మారాలి

మా అక్క కూతురికి ఎంబీబీఎస్ సీటు వచ్చింది. కాలేజీ తెరవకముందే సీనియర్లు రాసిచ్చిన పుస్తకాల జాబితా ఇంటికి చేరింది. ఒక్కో సబ్జెక్టుకు మూడేసి పేర్లు. ఏది కొనాలో, ఏది లైబ్రరీలో చూసుకుంటే చాలో తేల్చుకోవాలి. కోఠి దుకాణాలకు వెళ్లేముందు తనను తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థకు (ఎన్‌ఐఎన్) తీసుకెళ్లాను. వైద్య విద్యార్థులు బట్టీపట్టే అంకెలు కొన్ని పుట్టేది అక్కడే.

హబ్సిగూడ, తార్నాక చుట్టుపక్కల ఎన్‌జీఆర్‌ఐ, ఐఐసీటీ, సీసీఎంబీ లాంటి పరిశోధన సంస్థలకు కొదవ లేదు. ఉస్మానియా క్యాంపస్‌కు దగ్గర్లో ఉన్న ఈ ఎన్‌ఐఎన్ వాటన్నిటికంటే వయసులో పెద్దది. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి మీద మొదలుపెట్టిన పరిశోధనే దీనికి మూలం. 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. 1969 నుంచి ఇప్పటి పేరుతో నడుస్తోంది.

మేం ముఖ్యంగా చూడాలనుకున్నది ఆహార పదార్థాల పోషక విలువల పట్టికలు. కూనూరు రోజుల్లోనే, 1937లో, శాస్త్రవేత్త ఐక్రాయిడ్ వీటిని చిన్న బులెటిన్‌గా తెచ్చారు. 1971లో గోపాలన్, రామశాస్త్రి, బాలసుబ్రమణియన్ పేర్లతో పుస్తకమైంది. దేశంలో డైటీషియన్లూ డాక్టర్లూ దశాబ్దాలపాటు దాన్నే తిరగేశారు. ఆ తర్వాత దేశాన్ని ఆరు ప్రాంతాలుగా విడదీసి, నమూనాలు సేకరించి, 528 పదార్థాలను కొత్తగా పరీక్షించి 2017లో మరో పుస్తకం వేశారు.

పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి రాగుల వరుస వెతికాం. వంద గ్రాముల్లో కాల్షియం పాతదాంట్లో 344 మిల్లీగ్రాములు, కొత్తదాంట్లో 364. సజ్జల్లో ఇనుము మాత్రం 8 నుంచి 6.4కు దిగింది.

“అయితే పాత పుస్తకం తప్పా, మామయ్యా?” అంది.

తప్పు కాదు. అప్పటి నమూనాలకూ అప్పటి పరీక్ష పద్ధతులకూ అది సరైనదే. ఎవరు కొలిచారు, ఎప్పుడు కొలిచారు, ఎలా కొలిచారు అన్నది చెప్పే పుస్తకమే రిఫరెన్సుగా పనికొస్తుంది. టెక్స్ట్‌బుక్కులో అంకె ఒక్కటే మిగులుతుంది, దాని వెనక ఉన్న శ్రమ కనిపించదు.

రోజూ ఎంత తినాలో చెప్పే సిఫార్సుల్లో ఈ తేడా ఇంకా పెద్దది. 2010 లెక్కలో 60 కిలోల మగమనిషికి రోజుకు 60 గ్రాముల ప్రొటీన్. 2020 లెక్కలో ప్రామాణిక బరువు 65 కిలోలకు పెరిగింది, ప్రొటీన్ 54 గ్రాములకు తగ్గింది. ఆడవాళ్లకు ఇనుము 21 మిల్లీగ్రాముల నుంచి 29కి పెరిగింది. దాంతోపాటు సగటు అవసరం అని వేరే అంకె కూడా ఇచ్చారు. ఇనుము విషయంలో అది 15. ఏ అంకెను ఎక్కడ వాడాలో తెలియని విద్యార్థి రేపు రక్తహీనత మీద సర్వే చేస్తే లెక్క తలకిందులవుతుంది.

పెల్లగ్రా సంగతి కూడా తనకు చెప్పాను. ఇది మొక్కజొన్న తినేవాళ్ల జబ్బని ప్రపంచమంతా రాసుకుంది. మన దక్కన్‌లో జొన్నరొట్టె, జొన్నగట్కల మీద బతికే పేదల్లోనూ కనిపించింది. జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండటమే కారణం కావచ్చని గోపాలన్, శ్రీకాంతయ్య 1960లో లాన్సెట్‌లో రాశారు. తర్వాత ఆ వాదం మీద సందేహాలూ వచ్చాయి. టెక్స్ట్‌బుక్కు దీన్ని ఒక్క వాక్యంలో దాటేస్తుంది. ఆ వాక్యం వెనక ఇంత వాదన ఉందని తెలిస్తే చదివిన ప్రతి వాక్యాన్నీ ప్రశ్నించే అలవాటు వస్తుంది. డాక్టరుకు ఆ అలవాటు కావాలి.

అక్కడే జాబితా ముందు పెట్టుకుని తేల్చుకున్నాం. అనాటమీకి చౌరాసియా కొనాలి. 1858 నుంచి వస్తున్న గ్రే లైబ్రరీలో చూసుకోవచ్చు. ఫిజియాలజీకి గైటన్, గానాంగ్‌లలో ఏదో ఒకటి తీసుకుని చివరిదాకా చదవాలి. బయోకెమిస్ట్రీకి మన తెలుగు ఆచార్యులు యు. సత్యనారాయణ గారి పుస్తకం ఉంది, ఇతర రాష్ట్రాల్లోనూ విద్యార్థులు చదువుతారు. లోతుగా కావాలంటే హార్పర్. ఎముకల, నరాల వర్ణన ఏటేటా మారదు కాబట్టి అనాటమీ సెకండ్‌హ్యాండ్‌లో కొన్నా నష్టం లేదు. కమ్యూనిటీ మెడిసిన్‌కు పార్క్ మాత్రం కొత్త ఎడిషనే కొనాలి. పోషకాహారం అధ్యాయం తెరిచి 2020 సిఫార్సులు ఉన్నాయో లేదో చూసి డబ్బులివ్వాలి.

ఎన్‌ఐఎన్ పట్టికలు ప్రతి మెడికల్ కాలేజీ లైబ్రరీలోనూ మొదటి ఏడాది పిల్లల చేతికి అందేచోట ఉండాలి. గర్భిణి వచ్చి ఏం తినాలని అడిగిన రోజున ఆ డాక్టరు చెప్పే మాట మన నేలమీద పండిన గింజను కొలిచి చెప్పిన మాట కావాలి. పుస్తకాల ఎంపిక ఆ రోజును దృష్టిలో పెట్టుకుని జరగాలి, పరీక్ష ఒక్కదాన్నే కాదు.