కొత్త వాచీ వచ్చేదాకా

2022 సెప్టెంబరులో ఆపిల్ వాచ్ అల్ట్రా వచ్చినప్పుడు మన దగ్గర దాని ధర 89,900 రూపాయలు. 2024 ఆగస్టులో గార్మిన్ కంపెనీ వాచీ ఫీనిక్స్ 8 వచ్చింది. ఇలాంటి వాచీల్లో కొత్తది ఎప్పుడొస్తుందా అని ఇప్పుడు ఎదురుచూస్తున్నాను. సగం జీతం దాటే వస్తువు కదా, తొందరపడి పాతది కొనబుద్ధి కావట్లేదు.

అడుగుల లెక్క మీద నాకంత మోజు లేదు. నాకు కావలసింది నిద్ర లెక్క. నేను పనిచేసే సింగరేణి బొగ్గు గనిలో మూడు షిఫ్టులు. నైట్ డ్యూటీ దిగి, కిటికీకి దుప్పటి కట్టుకుని పడుకుంటే బయట కూరగాయలమ్మే కేక, పక్క క్వార్టర్‌లో కుక్కర్ విజిల్. ఆ పగటి నిద్రలో ఒళ్లు ఎంత కోలుకుంటుందో తెలుసుకోవాలని ఉంది. వాచీ అడుగున వెలిగే పచ్చలైటు చర్మం కింద రక్తం కదలికను పట్టుకుని గుండె వేగం లెక్కగడుతుంది. పడుకున్నప్పటి వేగం రోజుల తరబడి పెరుగుతూ పోతే జాగ్రత్త పడొచ్చు.

బాయిలోకి మాత్రం దాన్ని తీసుకుపోలేం. మీథేన్ ఉండే చోటు. అగ్గిపెట్టె, బీడీ, నిప్పురవ్వ పుట్టించే ఏ వస్తువూ ఒంటిమీద ఉండకూడదు, దిగేముందు తనిఖీ చేస్తారు. చేయాలి కూడా. కానీ ఒళ్లు ఎక్కువ కష్టపడే గంటలే లెక్కలోకి రాకుండా పోతాయి. కొండలెక్కేవాళ్లకు, సముద్రంలో మునిగేవాళ్లకు ప్రత్యేకంగా వాచీలు చేసే కంపెనీలు గని కార్మికుడి కోసం కూడా ఒకటి చేయాలి. గ్యాసులో భద్రంగా వెలిగే క్యాప్ ల్యాంపు మా తలల మీద ఎప్పటినుంచో ఉంది.

అప్పటిదాకా సెలవు రోజుల్లో రామగిరి ఖిల్లా ఎక్కుతూ, ఆయాసాన్ని మణికట్టు మీద వేలు పెట్టి లెక్కపెట్టుకుంటున్నాను.