లక్నవరంలో తాబేళ్లు

శనివారం పొద్దున హైదరాబాదులో బయల్దేరి మధ్యాహ్నానికి లక్నవరం చేరిన జనం కారు తలుపు తీసీ తీయగానే వేలాడే వంతెన మీదికి పరుగెడతారు. అటు చివరిదాకా పోతారు, ఇటు వస్తారు, నడుమ నిలబడి కావాలని ఊపుతారు, ఊగుతుంటే కేకలేస్తారు, ఆ కేకల్ని ఫోన్లలో పట్టుకుంటారు. ఆ వంతెనతో నాకేం పేచీ లేదు. పాపం, దాని పని అది చేస్తోంది. చుట్టూ గుట్టలు, గుట్టల నిండా అడవి, అడవి అంచుదాకా నీళ్లు. ఇన్ని నీళ్లు ఇక్కడ ఎందుకు ఆగాయి, ఎవరాపారు అని అడిగిన మనిషి మాత్రం నాకింతవరకు తగల్లేదు.

మా మేనల్లుణ్ణి కట్ట వైపు రమ్మన్నాను. వాడికి గచ్చిబౌలిలో ఉద్యోగం, వారానికి రెండు రోజులు సెలవు, ఆ రెండు రోజుల్లో ఏ ఒక్క గంటా ఖాళీగా పోకూడదని పట్టుదల.

"కట్ట మీద ఏముంటది మామా? రాళ్లే గదా! పా, బోటు టికెట్లు అయిపోతయ్."

రాళ్లేనట. ఆ మాట నాకు రెండు రోజులూ అరగలేదు.

ములుగు జిల్లా గోవిందరావుపేట మండలంలో బుస్సాపూర్ దాటి అడవిలోకి పోతే వస్తుందీ చెరువు. కొండలు ఇక్కడ ముందునుంచీ ఉన్నాయి. కాకతీయుల కాలంలో ఎవరో వచ్చి, ఈ గుట్టకూ ఆ గుట్టకూ మధ్య సందు ఎంతుందో చూసి, సందుల్లో మాత్రం కట్ట పోశారు. మిగతా చుట్టుకొలతంతా గుట్టలే కాపలా. ఇంత పొదుపైన ఆలోచన నేనింకోటి ఎరగను. 1199 నుంచి 1262 దాకా ఏలిన గణపతిదేవుడి పేరు చెబుతారు గానీ, రాజులు స్వయంగా గుట్టలెక్కి సందులు కొలవరు కదా. కొలిచినవాడి పేరు మనకు దక్కలేదు. పక్కనే పాలంపేటలో 1213 నాటి రామప్ప గుడి ఉంది. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక అక్కడికి జనం మరీ పెరిగారు. నీళ్లలో తేలే ఇటుకల గురించి, నల్లరాతి మదనికల గురించి గైడ్లు గుక్క తిప్పుకోకుండా చెబుతారు. ఆ గుడితోపాటు తవ్వించిన రామప్ప చెరువు ఎనిమిది వందల ఏళ్లు దాటినా వరికి నీళ్లిస్తోంది. దాని కట్ట దగ్గర గైడు ఉండడు. శిల్పం చేసినవాడే గొప్పవాడు, కట్ట పోసినవాడు కూలివాడు. మన లెక్క ఇది.

నా మాట పోనీండి. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఒకటుంది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు అక్కడ పెద్ద చెరువు కట్టించి, తెలుగు లిపిలో సంస్కృత శ్లోకాలు చెక్కించాడు. మామూలుగా శాసనాల్లో రాజుగారి బిరుదులు, దానధర్మాలు, దానం చెరిపినవాడికి తగిలే పాపాలు ఉంటాయి. ఇందులో మాత్రం మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, చెరువుకు రాకూడని ఆరు దోషాలు వరసగా ఉన్నాయి. ధర్మబుద్ధీ కీర్తికాంక్షా ఉన్న రాజు కావాలి. నీటి శాస్త్రం తెలిసిన మనిషి కావాలి. గట్టి నేల కావాలి. తియ్యటి నీళ్ల ఏరు కావాలి. చెరువును ఆనుకుని కొండ భాగాలుండాలి, ఆ భాగాల మధ్య మరీ పొడుగు కాని గట్టి రాతికట్ట ఉండాలి. నిడుపాటి రాళ్లు దొరికే గని దగ్గర్లో ఉండాలి. పనితనం తెలిసిన మనుషులు ఉండాలి. ఈ చెరువుకు రోజూ వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్లు పట్టిందని కూడా రాశారు. ప్రాజెక్టు రిపోర్టును గుడి ముందు రాతి మీద చెక్కి, ఊరంతా చదువుకోండని వదిలేసిన దొరతనం అది. ఇప్పటి కాంట్రాక్టు పనులకు పెట్టే రేకు బోర్డు రెండు వానలకే వెలిసిపోతుంది.

ఇక దోషాల సంగతి. కట్టలోంచి నీరు ఊరడం ఒకటి. చౌడు నేల ఒకటి. రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం ఒకటి (ఇది రాసినవాడు ముందుచూపు గలవాడు). నీరు తక్కువై పొలం ఎక్కువ కావడం, పొలం తక్కువై నీరు ఎక్కువ కావడం మరో రెండు. మిగిలింది, చెరువు నడుమ తాబేలు వీపులా మెరక తేలడం. శాసనం దాన్ని కూర్మం అంటుంది. నిజమే, నీళ్లుండాల్సిన చోటు మట్టి తింటే ఎట్లా?

లక్నవరంలో పదమూడు దీవులున్నాయంటారు. అంటే పదమూడు తాబేళ్లు. ఆ శాసనం రాసిన పండితుణ్ణి తెచ్చి ఒడ్డున నిలబెడితే తల పట్టుకునేవాడు. మనమేమో ఆ తాబేళ్ల వీపుల మీద కాటేజీలు కట్టి, కిటికీలోంచి నీళ్లు కనబడితే మురిసిపోతున్నాం. ఈ సంగతి మా మేనల్లుడికి బోటులో చెప్పబోయాను. వెనక సీట్లో ఎవరో కుర్రాళ్లు డబ్బా స్పీకరు పెట్టారు. దోషం అన్న మాట వాడికి డోసు అని వినిపించినట్టుంది. "టాబ్లెట్ వేస్కున్నవా మామా?" అని అడిగాడు.

ఈ అడవిలోనే ఇంకాస్త లోపలికి పోతే మేడారం. కప్పం కట్టలేమన్న కోయల మీదికి కాకతీయుల సేన వచ్చిందని, సారలమ్మ ఆ యుద్ధంలోనే పోయిందని, దెబ్బతిన్న సమ్మక్క గుట్ట వైపు పోయి మాయమైందని కథ. రెండేళ్లకోసారి జాతరకు లక్షల మంది వస్తారు. చెరువు తవ్వించిన వంశమూ కప్పం అడిగిన వంశమూ ఒకటే. జనం మొక్కేది మాత్రం కప్పం కట్టనివాళ్లకు. దీని మీద పెద్ద వ్యాసమే రాయొచ్చు, నేను రాయను.

చెరువుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టం మత్తడి, అంటే అలుగు. గట్టి వానాకాలం చెరువు నిండి మత్తడి దుంకుతుంటే ఊళ్లో పెళ్లి జరిగినంత సందడి. మా తాత ఊరి చెరువు చిన్నది, దానికి గుట్టల్లేవు, దీవుల్లేవు. దానికో నీరటి ఉండేవాడు. తూము ఎప్పుడు తెరవాలో, ఎవరి మడికి ఏ జాము నీరు పారాలో ఆయన ఇష్టం. పెద్ద పెద్ద పటేళ్లు కూడా ఆయన దగ్గర మెత్తగా మాట్లాడేవాళ్లు. రాత్రిపూట లాంతరు పట్టుకుని కట్ట వెంట నడిచేవాడు. ఎక్కడన్నా ఎండ్రకాయ బొక్క పెట్టి నీరు చెమ్మగిల్లుతుందేమోనని పాదంతో తడిమి చూసేవాడు. శాసనంలో చెప్పిన మొదటి దోషం ఆయన చదవలేదు, ఆయనకు అరికాలే శాసనం.

మత్తడి దుంకిన రోజు చేపలు ఎదురెక్కేవి. పరకలు, జెల్లలు, అప్పుడప్పుడు చెయ్యంత కొర్రమట్ట. గంపలు, పాత చీరలు, దోమతెరలు, ఏది దొరికితే అది పట్టుకుని ఊరంతా నీళ్లలో. నీరటి ఒడ్డున కూర్చుని బీడీ కాల్చేవాడు, పట్టేవాడు కాదు. సాయంత్రానికి ఇంటింటి నుంచీ ఆయన వాటా ఆయన ఇంటికే చేరేది. కొర్రమట్ట మాత్రం మా తాతమ్మ ఎవరికీ ఇచ్చేది కాదు. బూడిదతో రుద్ది, రాతి మీద తోమి, మట్టికుండలో చింతపండు పులుసు పెట్టి, అందులో మెంతులు, కాల్చిన ఉల్లిగడ్డ నూరి వేసేది. ఆ రాత్రి తిననిచ్చేది కాదు, తెల్లారి చద్దన్నంలోకి కావాలి. మా ఇంటావిడ గోదావరి వైపు మనిషి. కాల్చిన ఉల్లిగడ్డ ఏమిటండీ, మామిడికాయ ముక్కలు పడాలి గానీ అంటుంది. పులుసులో మామిడికాయ వేస్తే అది పులుసా, పచ్చడా? పెళ్లయిన కొత్తల్లో మొదలైన ఈ తగువులో ఆవిడ పుట్టింటి వాళ్లంతా ఒక పక్క, నేనొక్కణ్ణి ఒక పక్క. మేనల్లుడు నా వైపు వస్తాడనుకున్నాను. వాడు చేపల పులుసు తినడట, ఫిష్ ఫింగర్స్ అయితే తింటాడట.