చివరి సున్నా

నెట్ సెంటర్లోనో, ఫోనులోనో ఓ ఫారం నింపి 'సబ్మిట్' నొక్కుతాం. తెర మీద చక్రం గిర్రున తిరుగుతుంది. ఆ కాస్త వ్యవధిలో ఏం జరుగుతుందో ఎప్పుడైనా ఆలోచించారా?

మనం కొట్టిన వివరాలన్నీ ఓ చీటీగా మారి, ఎక్కడో ఉన్న సర్వరుకు వెళతాయి. జవాబూ అలాంటి చీటీగానే వస్తుంది. ఇప్పుడు ఎక్కువగా నడుస్తున్న చీటీ పేరు జేసన్. 2000ల మొదట్లో డగ్లస్ క్రాక్‌ఫర్డ్ అనే అమెరికన్ దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. ఎడమన గడి పేరు, కుడిన విలువ, మధ్యలో రెండు చుక్కలు. అంతే! విలువ మాటైతే కొటేషన్ గుర్తుల మధ్య పెట్టాలి. అంకెకు అక్కర్లేదు.

ఆ గుర్తులే మా బాబాయి కొంప ముంచబోయాయి.

గురజాల దగ్గర ఆయనకు రెండెకరాల మిర్చి పొలం. సర్వే నంబరు 214-10. పెట్టుబడి అప్పుకని ఓ సంస్థ వెబ్‌సైటులో దరఖాస్తు పెట్టించాడు. పేరెందుకు లెండి. అక్కడ అడ్డగీత పడదు, చుక్క పెట్టమంది. 214.10 అని కొట్టించాడు. నాలుగో రోజు ఫోను.

"అబ్బాయ్, కాయితంలో 214.1 అని వచ్చిందిరా. అది మనది కాదు, కాలవ అవతలోళ్లది!"

కొట్టిన కుర్రాడి తప్పేం లేదు. చీటీలో ఆ నంబరు చుట్టూ కొటేషన్లు లేవు. ఉంటే 214.10 ఉన్నదున్నట్టు చేరేది. లేవు కనుక యంత్రం దాన్ని లెక్క అనుకుంది. లెక్కలో 214.10 అన్నా 214.1 అన్నా ఒకటేగా! సున్నాను దులిపేసింది. మన లెక్కల మాస్టారు చెప్పిందీ అదే.

కానీ సర్వే నంబరు కూడికలకు పనికొచ్చే అంకె కాదు, పొలానికి పెట్టిన పేరు. 1984లో కరణాల వ్యవస్థ రద్దయ్యేదాకా ఊరి లెక్కలు రాసినాయనకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. (కరణాల తిరకాసులు వేరే పురాణం.)

తేదీలకైతే జేసన్‌లో ప్రత్యేక ఏర్పాటే లేదు. 04-06 అంటే జూన్ 4 కావచ్చు, ఏప్రిల్ 6 కావచ్చు. మన పల్నాడు జిల్లా అదృష్టం, 04-04-2022న పుట్టింది. ఎటు చదివినా ఒకటే!

గుర్తులు పెట్టమని ఆ సంస్థకు రాశాను. వారానికి సరిచేశారు. ఈలోపు బాబాయి పాసు పుస్తకం పట్టుకుని రెండుసార్లు నరసరావుపేట బస్సెక్కాడు.