పావతి ఉంది, పేరు లేదు

షోలాపూర్‌లో ఉన్న సభ్యులకూ, ఇక్కడి నుంచి పుణె, ముంబై, భివండి వెళ్లి స్థిరపడ్డ మనవాళ్లకూ ఈ ఉత్తరం. రెండు నెలలుగా మన గ్రూపులో ఒకే ప్రశ్న తిరుగుతోంది. సహాయ నిధి జాబితాలోంచి కొందరి పేర్లు ఎలా పోయాయి, దానికి ఏం చేశారు అని. ఆఫీసు కంప్యూటర్ చూసుకునే మేం ముగ్గురం కలిసి దీన్ని రాస్తున్నాం. మధ్యలో కొంత సాంకేతికం తగులుతుంది. అర్థం కాకపోతే ఆ పేరా దాటేయండి, నష్టం లేదు. డబ్బు సంగతి మాత్రం చివరిదాకా చదవండి.

మన ఆఫీసులో ఉన్నది ఒక పాత డెస్క్‌టాప్. లినక్స్ మీద నడుస్తుంది. సభ్యుల పట్టిక, నెల చందాలు, పావతి నంబర్లు అన్నీ అందులోనే. ఎవరు చందా సరిగ్గా కట్టారో చూసి, నిధికి అర్హులైన వాళ్ల జాబితా తీసే చిన్న పైథాన్ ప్రోగ్రాం ఒకటుంది. రాసిన అబ్బాయి సంఘం దగ్గర ఒక్క పైసా తీసుకోలేదు. ప్రతి నెలా తనే వచ్చి, కూర్చుని నడిపేవాడు. ఉద్యోగం మీద ఊరు మారేటప్పుడు, ఎవరూ ముట్టుకునే పని లేకుండా రాత్రి రెండింటికి దానంతటదే నడిచేలా క్రాన్‌లో పెట్టి వెళ్లాడు. క్రాన్ అంటే గడియారం చూసుకుని పనులు చేయించే లినక్స్ ప్రోగ్రాం. ఎంతో పాతది, నమ్మకమైనది, కానీ మహా ముభావి. పేర్లు రాలడం అప్పుడే మొదలైంది. అతను తప్పు చేశాడని ఎవరూ అనుకోవద్దు. అతను కూర్చుని నడిపినంత కాలం ఒక్క పేరూ పోలేదు. ఎందుకో కింద చెప్తాం.

విషయం బయటపెట్టింది పూర్వభాగంలో బీడీలు చుట్టే ఒక పెద్దమ్మ. కౌంటర్ దగ్గర ఆమెకు, జాబితాలో నీ పేరు లేదు, చందా బాకీ ఉండొచ్చు అని చెప్పారు. ఆమె వాదించలేదు. చేతిసంచిలోంచి పన్నెండు పావతులు తీసి బల్ల మీద పరిచింది. "గివన్నీ మీరిచ్చినయే గద బిడ్డా. పైసలు ముట్టినయని మీరే సంతకం పెట్టిన్రు. మరి నా పేరేడ వోయింది?" అంది.

ఆ సాయంత్రమే మేము ప్రోగ్రామును చేత్తో నడిపి చూశాం. ఆమె పేరు జాబితాలో చక్కగా వచ్చింది. మర్నాడు పొద్దున్న, రాత్రి తయారైన జాబితా తెరిస్తే మళ్లీ లేదు. పగలు ఉన్న మనిషి రాత్రి మాయం. ఇలాంటి చోట "ఇప్పుడొచ్చింది కదా, ఆ కాగితమే ప్రింటు తీద్దాం" అని లేచిపోవడం తేలిక. అలా లేచిపోతే వచ్చే నెల ఇంకో పెద్దమ్మ సంచి పట్టుకుని వస్తుంది.

యంత్రంలో ఏం జరిగిందో తెలియాలంటే లాగ్ చూడాలి. లాగ్ అంటే యంత్రం తన పనుల గురించి రాసుకునే రోజువారీ చిట్టా. క్రాన్ రాసుకున్నది ఒకే ఒక్క వాక్యం: ఫలానా గంటకు ఫలానా ఆదేశం నడిపాను. పని అయిందా, చెడిందా, ఎంతమందిని లెక్కలోకి తీసుకుంది అన్నది ఎక్కడా లేదు. ఆదేశం చివర, తప్పులు వస్తే డెవ్ నల్‌లో పారెయ్యమని ఉంది. డెవ్ నల్ అంటే లినక్స్‌లో అడుగులేని బావి, పడ్డది తిరిగి రాదు. అలా ఎందుకు పెడతారో మాకు తెలుసు. క్రాన్ తన పనుల మాటలన్నీ లోపలి ఉత్తరాల పెట్టెకు మెయిల్‌గా పంపుతుంది. ఆ పెట్టె ఎవరూ తెరవరు, అది నిండుతూ పోతుంది. చివరికి ఎవరో ఒకరు విసుగొచ్చి నోరు కట్టేస్తారు. ప్రపంచంలో ఎన్నో సర్వర్లు ఇలాగే నోరు కట్టుకుని నడుస్తున్నాయి.

ప్రోగ్రాం లోపల ఇంకో గడియ ఉంది. ఒక సభ్యుడి దగ్గర ఏదైనా తప్పు వస్తే ఏమీ అనకుండా తర్వాతి సభ్యుడికి వెళ్లిపొమ్మని. మనవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. కొన్ని సాంచాలకు, పడుగులో పోగు తెగగానే సన్నని రేకు కిందికి జారి మగ్గం ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. అది లేని సాంచా పోగు తెగినా గడగడా నడుస్తూనే ఉంటుంది. తాను దించి పరిచాకే కనపడుతుంది, ఈ చివర నుంచి ఆ చివర దాకా గీత. మన ప్రోగ్రాం ఆ రెండో రకం సాంచా.

ఆ గడియ తీసేసి, డెవ్ నల్‌కి వెళ్లే దారి మూసేసి, క్రాన్ చేతనే మళ్లీ నడిపించాం. ఈసారి యంత్రం నోరు విప్పింది. ఆస్కీ పద్ధతిలో ఈ అక్షరాలు రాయలేను, ఇవి 128కి లోపలివి కావు, అన్నది దాని ఫిర్యాదు.

ఆస్కీ 1963లో అమెరికాలో ప్రమాణంగా వచ్చిన అక్షరాల పట్టిక. మొత్తం స్థానాలు 128. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, చుక్కలు, కామాలు, కొన్ని సైగలు, అంతే. ఒక్క తెలుగు లిపికే యూనికోడ్‌లో 128 స్థానాలు కేటాయించారు, అదీ 1991 నాటి మొదటి కూర్పులోనే. మనిషి కూర్చుని నడిపినప్పుడు తెర ముందున్న లినక్స్ "ఇక్కడ యూటీఎఫ్-8 వాడతారు" అని ప్రోగ్రాంకి చెప్తుంది, కాబట్టి తెలుగు పేరు వస్తుంది. మన యంత్రంలో క్రాన్‌కి ఆ మాట చెప్పినవాళ్లు లేరు. ఏమీ చెప్పకపోతే పాత పైథాన్ ఆస్కీయే అనుకుంటుంది. 2018లో వచ్చిన 3.7 నుంచి ఇలాంటప్పుడు తనంతట తానే యూటీఎఫ్-8కి మారేలా దాన్ని దిద్దారు. మన దగ్గరున్నది అంతకు ముందుది. అందుకే ఆ అబ్బాయి పగలు చేత్తో నడిపిన రోజుల్లో ఈ తప్పు బయటపడే వీలే లేదు.

అంటే రాలిపోయిన వాళ్లు ఎవరు? దరఖాస్తు మీద తమ పేరు తెలుగులో రాసినవాళ్లు. మొత్తం 37 మంది. మరాఠీలో రాసినవాళ్లు ఇంకో 6 మంది. యంత్రానికి పక్షపాతం ఏమీ లేదు, ఇంగ్లీషు కానిదల్లా దానికి ఒకటే. కానీ ఆ 43 మందిలో ఎక్కువమంది అరవై దాటినవాళ్లు, బీడీలు చుట్టి, చద్దర్లు నేసి బతికినవాళ్లు. సహాయ నిధి అవసరం ముందుగా పడేది వాళ్లకే.

ఇది కార్యవర్గంలో చెప్పినప్పుడు వచ్చిన మొదటి సలహా, అందరి పేర్లూ ఇంగ్లీషులోకి మార్చేద్దాం, పీడా పోతుంది అని. చెప్పింది చెడ్డ ఉద్దేశంతో కాదు. కానీ మేము ఒప్పుకోలేదు. మన ఇంటిపేర్లు ఆధార్‌లో ఒక రకంగా, రేషన్ కార్డులో ఒక రకంగా, బ్యాంకు పుస్తకంలో ఇంకో రకంగా ఉండటం ఇక్కడ ఎవరికి తెలియదు? మరాఠీ గుమాస్తా విన్నట్టు రాశాడు, ఇంగ్లీషులో ఇంకొకరు తోచినట్టు రాశారు. ఆ పెద్దమ్మ ఇక్కడి తెలుగు బడిలో నాలుగో తరగతి దాకా చదివింది. పావతి మీద తన పేరు సరిగ్గా ఉందో లేదో తనే చూసుకోగలిగేది తెలుగులో ఉంటేనే. దాన్ని మార్చేస్తే, ఇక తన పేరు గురించి కూడా ఆమె ఇంకొకరి మాట నమ్మాలి. యంత్రానికి రెండు వరుసలు రాస్తే సరిపోయే పనికి 43 మంది పేర్లు మార్చడం ఏం న్యాయం? చర్చ గంట నడిచింది. చివరికి పెద్దాయన ఒకరు, "వాడుక మనది, మిషన్ మనది. మిషన్నే దిద్దండి" అన్నారు.

దిద్దడానికి నిజంగానే పది నిమిషాలు పట్టింది. ఫైల్ తెరిచేటప్పుడు యూటీఎఫ్-8 అని స్పష్టంగా చెప్పడం, రాత్రి పనికి భాష అమరిక ఇవ్వడం. మూడు వారాలు పట్టింది లాగ్‌కి.

పనిని క్రాన్ నుంచి సిస్టమ్‌డీ టైమర్‌కి మార్చాం. సిస్టమ్‌డీ 2010లో వచ్చింది. అది మంచిదా చెడ్డదా అని లినక్స్ వాళ్లు ఏళ్ల తరబడి కొట్లాడుకున్నారు, ఆ పంచాయితీ మనకొద్దు. మనకు పనికొచ్చేది ఏమిటంటే, అది నడిపించిన పని ఏ మాట అన్నా, తప్పు అయినా ఒప్పు అయినా, జర్నల్ అనే ఒకే చిట్టాలో చేరుతుంది. పని చెడిపోతే చెడిపోయిందని గుర్తుపెట్టుకుంటుంది. అయితే ఇందులోనూ ఒక మెలిక ఉంది. జర్నల్‌కి డిస్కు మీద ఒక ఫోల్డర్ లేకపోతే అది చిట్టాను తాత్కాలిక జ్ఞాపకంలోనే ఉంచుతుంది, యంత్రం ఆగి మళ్లీ లేస్తే మొత్తం పోతుంది. మన ఏరియాలో కరెంటు సంగతి మీకు తెలుసు. పాత నెలల్లో ఏం జరిగిందో వెతకబోతే మాకు ఏమీ దొరకనిది అందుకే. ఆ ఫోల్డర్ పెట్టాం, చిట్టా ఇప్పుడు డిస్కు మీద నిలుస్తోంది.

గడియారం ఇంకో గొడవ. యంత్రం ప్రపంచ సమయంలో ఉంది. మనకు రాత్రి రెండు అంటే దానికి ముందురోజు 20:30. ఏప్రిల్ 1న నడిచిన పని మార్చి 31 అని రాసి ఉంటే, ఏడాది చందా లెక్క చూసేవాళ్లకి పిచ్చెక్కుతుంది. మన సమయానికి మార్చాం.

ఇక చిట్టాలో ఏం రాయాలి అన్నది. ముందు అసలు ఏమీ లేదు కాబట్టి అన్నీ రాయించాలని మాలో ఒకరికి ఉబలాటం. వారం తిరిగేసరికి వేల వరుసలు. చదివేవాడు లేని చిట్టా ఉన్నా లేకున్నా ఒకటే. అందుకని కోసేశాం. ఇప్పుడు రోజుకు ఒకే వరుస: పట్టికలో ఎందరు, లెక్క చూసింది ఎందరిని, వదిలేసింది ఎందరిని. మొదటి రెండూ సమానం కాకపోతే ప్రోగ్రాం తాను ఓడిపోయానని చెప్పి ఆగిపోతుంది, సిస్టమ్‌డీ వెంటనే కార్యదర్శి గారి ఫోనుకీ మా ఫోన్లకీ సందేశం పంపిస్తుంది. ఏ సభ్యుడి దగ్గర ఆగిందో సభ్యత్వ నంబరు మాత్రమే ఉంటుంది. పేరు, ఫోన్ నంబరు, ఎంత బాకీ అన్నవి చిట్టాలోకి రానివ్వలేదు. చిట్టా పదిమంది చూసేది, ఎవరి బాకీ ఎంతో పదిమందికీ తెలియాల్సిన పని లేదు. మాటలు తెలుగులో పెట్టాం. కింద యంత్రం చెప్పిన అసలు ఇంగ్లీషు వరుస అలాగే ఉంచాం, రేపు ఇంకెవరైనా బాగుచేయడానికి వస్తే నెట్‌లో వెతకడానికి అదే ఆధారం.

పరీక్షకని ఒకరోజు కావాలనే ఒక చెడ్డ పేరు ఎక్కించి ఇంటికి వెళ్లాం. రాత్రి రెండు దాటి ఒక నిమిషానికి కార్యదర్శి గారి ఫోను మోగింది. ఆయన మాకు చేశారు. ఏమన్నారో ఇక్కడ రాయం గానీ, ఏర్పాటు పనిచేస్తోందని మాత్రం తేలింది.

ఇప్పుడు డబ్బు. ఆ 43 మందిలో 41 మంది చందాలు పావతి పుస్తకాలతో సరిపోయాయి. అందరినీ సభ్యత్వం తెగనట్టుగానే జాబితాలోకి తీసుకోవాలని కార్యవర్గం తీర్మానించింది. వాళ్లలో ఒకాయన శ్రావణంలో పోయారు. కొడుకు ఆఫీసుకు వస్తే, పేరు లేదు అన్నారు. అతను పావతులు కూడా చూపించలేదు, కంప్యూటర్‌లో లేదంటే లేదేమో అనుకుని వెళ్లిపోయి, అప్పు చేసి కార్యం జరిపించాడు. తీర్మానం అయిన మర్నాడు కార్యదర్శి గారితో కలిసి మేము వాళ్లింటికి వెళ్లాం. నిధి మొత్తం ఇచ్చి పావతి మీద సంతకం తీసుకున్నాం. "మా నాయిన ఒక్క నెల గూడ తప్పలే, నాకు తెల్సు. గని ఏమని అడగాలె?" అన్నాడు. మేము ఏమీ అనలేకపోయాం.

మిగిలిన ఇద్దరి పావతి నంబర్లు పుస్తకంలో దొరకడం లేదు. ఒకరిది 114, ఇంకొకరిది 271, ఇవి సభ్యత్వ నంబర్లు. ఇవి మీవో, మీ ఇంటివాళ్లవో అయితే ఆదివారం పదింటి నుంచి ఒంటిగంట దాకా ఆఫీసులో ఉంటాం, పాత పావతులు ఏవి ఉంటే అవి పట్టుకుని రండి. చిరిగినవైనా సరే. మీ పక్కింటి పెద్దవాళ్లు ఫోను చూడనివాళ్లైతే వాళ్లకి నోటితో చెప్పండి.