చౌమహల్లాలో నేర్చిన పాఠము

మా యింటివారు ఉపాధ్యాయులగుటచే వేసవి సెలవులయందే మాకు ప్రయాణములు. ఈ యేడు మేము అత్తగారితో గూడ హైదరాబాదునకు బోయితిమి. చార్మినారు చూచి, లాడుబజారు గాజులయంగళ్లు దాటి, చౌమహల్లా ప్రాసాదమున బ్రవేశించితిమి. అచటి స్ఫటిక దీపగుచ్ఛములకన్న నలుపుతెలుపుల పాత ఛాయాపటములే మమ్ము నిలిపివేసినవి.

అందులకు గారణము కలదు. మాకును ఒక చిన్న కెమెరా యున్నది. ఇంటిల్లిపాదిని పటములు తీసితిమి గాని అత్తగారు మాత్రము సమ్మతింపరైరి. ఒకనాడు బలవంతముగా గూర్చుండబెట్టి, ఫ్లాషు వెలిగించి తీసితిమి. ఆ పటమున వారు బెదరిన కన్నులతో పిండిబొమ్మవలె నుండిరి. "ఇది నేనా, అమ్మాయీ?" యని నొచ్చుకొనిరి. నాటినుండి కెమెరా చూచిన మొగము త్రిప్పుకొందురు.

ప్రాసాదమున బటము పటమున కెదుట నిలిచి, వెలుగేవైపునుండి వచ్చినది, నీడ యెచట బడినది యని పరిశీలించితిమి. రంగులు లేనిచో జూపు వస్త్రములపై నిలువక ముఖమునకే పోవును. ఒక చెంప వెలుగై, రెండవది నీడయైనప్పుడే ముఖమునకు నిండుదనము గలుగుచున్నది. మా ఫ్లాషు ఆ నీడనే తుడిచివేసినది.

నిజాముకాలపు ఛాయాపటములనగనే రాజా దీన్ దయాళుగారు స్మరణకు వత్తురు. వీరు మీరటు చేరువనున్న సర్ధనాలో 1844లో జన్మించి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఆరవ నిజాము మహబూబు అలీఖానుగారికి ఆస్థాన ఛాయాచిత్రకారులైరి, 1905లో గతించిరి. వీరి గాజుపలకలు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున భద్రముగా నున్నవి. ఘోషాస్త్రీలకొఱకు వీరు 1892లో హైదరాబాదున బ్రత్యేక ఛాయాచిత్రశాల నెలకొల్పి, దాని నొక ఆంగ్లవనిత కప్పగించిరి.

ఈ వృత్తాంతము మేము చెప్పుచుండగా విని అత్తగారు, "అమ్మాయీ, వారి సిగ్గునెంచి వేరుగా శాల కట్టించిరి. నీవు నన్నొక్కమాట యడిగితివా?" యనిరి. మాకు బదులు తోచలేదు. భాగవతమున జిత్రలేఖ ఉషాకన్య మనసులోని వానిని గనుగొనుటకై పటములు వ్రాసినది. మేమో, కెమెరా నెఱిగితిమి గాని యెదుటి మనసు నెఱుగమైతిమి.

ఇల్లు చేరిన పిమ్మట వారి నడిగితిమి. రెండుదినములు పలుకలేదు. మూడవనాటి యుదయమున బెరటి వసారాలో బియ్యము చెరుగుచు, "తీసికొందువేని తీసికొనుము, నాపని నేను మానను" అనిరి. తూరుపు వెలుగు ఒకప్రక్కనుండి పడుచుండెను. ఊరిమాటలు చెప్పుకొనుచు గొంతసేపు కెమెరా నెత్తకయే కూర్చుంటిమి. వారు మమ్ము మఱచి చేటలోని రాళ్లు వెదకునప్పుడు ఒక్కటే పటము తీసితిమి.

అచ్చువేయించి తెచ్చి చేతికిచ్చితిమి. వారు కిటికీయొద్దకు బోయి చాలసేపు చూచి, "మా చెల్లెలికొక ప్రతి పంపుము" అనిరి. అంతకుమించిన మెప్పు మాకక్కఱలేదు.

సోదరీమణులారా! మీ యిండ్లలో బటములేని పెద్దలున్నచో ఆలసింపకుడు. వెలుగు వచ్చు కిటికీయొద్ద వారి పనిలో వారిని గూర్చుండనిండు. కాని ముందుగా నడుగుడు.