నరం తెగితే ఎన్నాళ్లు ఆగొచ్చు?

చేతి నరం దెబ్బతింది, ఆపరేషన్ ఇప్పుడే చేయించాలా, కొన్నాళ్లు చూడాలా అని అడిగేవాళ్లను నేను ముందు అడిగేది దెబ్బ ఎలా తగిలిందని. జవాబు మొత్తం అందులోనే ఉంటుంది.

అద్దాల దుకాణంలో పనిచేసే కుర్రాడొకడు గాయమైన ఏడాది దాటాక వచ్చాడు. మణికట్టులో గాజు ముక్క దిగితే దగ్గర్లోని క్లినిక్‌లో రక్తం ఆపి కుట్లు వేశారు. మచ్చ చక్కగా మానింది. చిటికెన వేలు మొద్దుబారిందంటే ‘మత్తు ఇంజెక్షన్ వల్లే, తగ్గిపోతుంది’ అన్నారట. ఆ తర్వాత నెలల తరబడి బి-12 బిళ్లలు. నా దగ్గరకు వచ్చేసరికి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ కరిగి గుంటపడింది. చివరి రెండు వేళ్లూ కొంకర్లు పోయాయి. అల్నార్ నరం పూర్తిగా తెగిపోయింది. తెగిన నరాన్ని ఏ బిళ్లా అతికించదు.

తెగిన చోటు నుంచి కింద ఉన్న నరపు పోగులు కొన్నాళ్లలోనే చచ్చిపోతాయి. 1850లో అగస్టస్ వాలర్ కప్ప నాలుక నరాల్లో ఈ సంగతి చూపించాడు. పై కొస నుంచి కొత్త పోగులు మొలుస్తాయి కానీ, వాటి నడక రోజుకు సుమారు ఒక మిల్లీమీటరే. నరం అందని కండ ఏడాది, మహా అయితే ఏడాదిన్నర ఓపిక పడుతుంది. ఆ తర్వాత కాలువ నీళ్లు వచ్చినా ఎండిన పైరు లేవదు. అందుకే పదునైన గాజు, కత్తి, కొడవలి గాయాలకు మొదటి మూడు రోజులే మేలు. అప్పటికి రెండు కొసలూ దగ్గరగా, శుభ్రంగా ఉంటాయి. ఆలస్యమైతే అవి వెనక్కి లాక్కుపోతాయి, పిక్క దగ్గరి సూరల్ నరం తీసి మధ్యలో అతకాల్సి వస్తుంది. రంపంలోనో యంత్రంలోనో నలిగి తెగితే మాత్రం ఎంతమేర పాడైందో తేలడానికి మూడు వారాలు ఆగడమే మంచిది.

మరో రకం కేసు ఒక టీచరమ్మది. జారిపడి దండచెయ్యి ఎముక విరిగింది, మణికట్టు వాలిపోయింది. ‘నరానికి ఏదో ఒకటి చేయండి సార్’ అని కొడుకు పట్టుబట్టాడు. చర్మం తెగని ఇలాంటి దెబ్బల్లో రేడియల్ నరం చాలామందికి దానంతటదే కోలుకుంటుంది. చేతికి స్ప్లింట్ కట్టించి, మూడు నాలుగు వారాలకు ఇఎంజి పరీక్ష రాశాను. ఏమీ చేయని డాక్టరుకు ఫీజెందుకని ఆయన మొహంలోనే కనిపించింది! ఆవిడ మణికట్టు మూడో నెలలో లేచింది. లేవకపోతే అప్పుడు తెరిచి చూసేవాళ్లం. ఆగడమంటే తారీఖు పెట్టుకుని ఆగడం.

బైక్ మీంచి పడి భుజం నుంచి చెయ్యి మొత్తం చచ్చుబడిన కుర్రాళ్లకు ఈ లెక్క ఇంకా కఠినం. వేర్లు వెన్నుపాము నుంచి ఊడిపోతే వాటంతటవి రావు. పక్క నరం నుంచి ఒక పాయ మళ్లించి మోచెయ్యి మడిచే కండకు కలిపే పద్ధతిని ఫ్రాన్స్‌లో ఒబెర్లిన్ 1994లో ప్రచురించాడు. అదీ ఆరు నెలల్లోపు చేస్తేనే మంచి ఫలితం.

అద్దాల కుర్రాడికి నరం అతికించాం, స్పర్శ కొంత వచ్చింది. స్పర్శకు గడువు కాస్త ఎక్కువ. కండలు తిరిగి రాలేదు, వేళ్లు చాపడానికి స్నాయువు మార్చి కుట్టాల్సి వచ్చింది.

చేతికి లోతుగా తెగితే, మత్తు సూది వేయకముందే వేలి కొసలన్నీ తాకి స్పర్శ చూడమని డాక్టరును అడగండి.