భుజాలు తడుముకోవడం

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని సామెత. నేను తడుముకోవడమేమిటి, రెండు భుజాలూ గడ్డం కిందకు తెచ్చి తలుపు రెక్కల్లా దగ్గరకు వేసేయగలను. చిన్నప్పుడు బళ్లో ఈ విద్య చూపించి బోలెడు జీళ్లు సంపాదించాను లెండి.

పదేళ్లొచ్చినా నాకు మాడు పూడలేదు. మా అమ్మమ్మ ఆముదం అంటుతూ, "వీడి నెత్తిన దేవుడింకా తలుపెయ్యలేదే!" అనేది. పాలపళ్లు ఊడవు, అసలు పళ్లు రావు. 22వ ఏట పళ్ల డాక్టరు ఎక్స్‌రే తీయించి, చిగుళ్లలో ఇరుక్కున్న పళ్లను లెక్కపెట్టి నా వంక అదోలా చూశాడు. అందరికీ ఉండే 32 కన్నా నాకు 11 ఎక్కువ! తర్వాత ఛాతీ ఫోటో. మెడకు అటూ ఇటూ అడ్డకర్రల్లా ఉండాల్సిన కాలర్ బోన్ల చోట రెండు చిన్న ముక్కలున్నాయి. ఛాతీ గంట ఆకారం. పుర్రె అతుకుల వెంట, గులకరాళ్లు పేర్చినట్టు ఎముక పలుకులు. కటి ముందువైపు ఎముకలు కలవాల్సిన చోట ఖాళీ.

దీన్ని క్లైడోక్రేనియల్ డిస్‌ప్లేసియా అంటారు. 1898లో మారీ, సెంతోన్ అనే ఫ్రెంచి వైద్యులు మొదట పేరు పెట్టారు. ఆరో క్రోమోజోములోని రన్‌క్స్2 జన్యువులో లోపమే కారణమని 1997లో తేలింది. తెలివితేటలకు ఢోకా లేదు. పిల్లలకు వచ్చేదీ రానిదీ మాత్రం సగానికి సగం, బొమ్మా బొరుసూ.

మా అమ్మాయికి బొరుసు పడింది.

నా పెళ్లిచూపుల్లో నేను కండువా కప్పుకుని గండం గట్టెక్కినవాణ్ణే. సంగతి తెలిశాక మా ఆవిడ మూడ్రోజులు మాట్లాడలేదు. అలాంటి మనిషే, అమ్మాయికి సంబంధం వచ్చేసరికి "ఆ ఎక్స్‌రేలు బీరువాలో పెట్టండి" అంది. నాకు మనసొప్పలేదు. అలాగని నోరూ పెగల్లేదు.

అమ్మాయే తేల్చేసింది. పెళ్లివారికి కాఫీలిచ్చి, కవరులోంచి ఎక్స్‌రే తీసి కిటికీ వెలుగుకు పట్టింది. "ఇవి నాకున్న ఎముకలు, ఇక్కడ లేనివి" అంది. కుర్రాడు అడగాల్సినవన్నీ అడిగాడు, పిల్లల సంగతితో సహా. కటి ఇరుకైతే పురిటికి ఆపరేషన్ కావచ్చని కూడా దాచకుండా చెప్పింది. మా ఆవిడ వంటింట్లోంచి బయటికి రాలేదు.

"ఫోన్ చేస్తాం" అని అందరూ లేచారు. కుర్రాడి నాయనమ్మ మాత్రం వెనకబడి, నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించింది.

"ఏం నాయనా, నీకూ ఆ భుజాలు కలుస్తాయట, ఏదీ?"

కండువా తీసి కుర్చీ మీద వేశాను.